మెరుగుపూత ఆరేదాకా

నాకు చిన్నప్పటినుంచీ ఆగడం చేతకాదు. అన్నం ఉడికిందా లేదా అని నాలుగుసార్లు మూత తీసి అమ్మ చేత తిట్లు తినేవాణ్ని. అలాంటివాణ్ని, పోయి పోయి మోటారుసైకిళ్లకు రంగులేసే పనిలో పడ్డాను. అందులో సగం పని ఆగడమే.

తొంభైల్లో మాది లాల్‌పేట్‌లో పెంకుల కప్పున్న గని క్వార్టరు. గనిలో కొత్తవాళ్లను తీసుకోవడం దాదాపు మానేశారు. సైకిళ్లు తొక్కినవాళ్లేమో ఒక్కొక్కరే మోటారుసైకిళ్లు కొంటున్నారు. ఇక నా బతుకు పెట్రోలు ట్యాంకులతోనే అని తేల్చుకుని వెనకగదిలో గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పాత కంప్రెసర్ ఒకటి పెట్టాను. మా బాపుకు అది పనిలాగే కనిపించలేదు. ఆయన నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో షాట్‌ఫైరర్, అంటే మందు పెట్టి రాయీ బొగ్గూ పేల్చేవాడు. రోజూ మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగేది, నేల అదిరేది, వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి.

ఓ రోజు ఒక స్కూలు మాస్టారి ట్యాంకుకు మెరూన్ రంగేసి, పైన మెరుగుపూత కొట్టాను. తెలివిగా, అదురుకు దుమ్ము రాలి పడకుండా, పేలుడు అయిపోయిన మరుక్షణం. కానీ పెంకుల సందుల్లోంచి రాలిన మసి ఇంకా గాల్లో తేలుతోందని నాకు తట్టలేదు. గంట తర్వాత చూస్తే ట్యాంకంతా గరుకు. అది చాలదన్నట్టు, ఆరిందా అని వేలు పెట్టాను. అచ్చు పడింది.

"గిది మూడో ట్యాంకు," అన్నాడు బాపు డ్యూటీ నుంచి వచ్చి చూసి. "ఇంకోటి ఖరాబైతే గది ఖాళీ చెయ్. టిప్పర్ మీద క్లీనర్ పని మాట్లాడిన. పోయి చేరు."

మాస్టారు బదిలీ మీద వెళ్తున్నాడు, ఎల్లుండి పొద్దున్నే బండి కావాలి. నాకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ పని తప్ప నాకు మరేదీ ఇష్టం లేదు.

మర్నాడు బాపుకు వారపు సెలవు. నేను పొద్దున్నే లేచి పూత మొత్తం గీకి, మళ్లీ రంగేసి, రెండు గంటలకు పూత కొట్టే స్ప్రే గన్ను చేత్తో పట్టుకుని నిలబడ్డాను. నేల అదిరిందో లేదో గదిలోకి ఉరకబోయాను. బాపు గుమ్మానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికిరా?"

"బ్లాస్టింగ్ అయింది గద బాపు!"

"అయితే? పేలంగనే మేం లోపలికి ఉరుకుతమా? పొగ పోవాలె, దుమ్ము దిగాలె. మీ ఒంటిచేతి మామ లేడూ, గట్లనే ఉరికిండు. ఒక్క మందు పేలకుండ మిగిలున్నది."

ఆ మామ మా ఇంటికి వారానికోసారి వచ్చేవాడు. చెయ్యి ఎలా పోయిందో ఎన్నడూ చెప్పలేదు. నేను గన్ను కింద పెట్టాను.

దుమ్ము దిగేదాకా ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. తర్వాత దుమ్ము లేవకుండా నేల తడిపి, పూత కొట్టి, తలుపు మూసి బయటికొచ్చాను. బాపు ఆ తలుపు ముందే స్టూలు వేసుకున్నాడు. అమ్మ మసిగుడ్డగా వాడుకుంటున్న పాత ఎర్రజెండాను తెచ్చి కర్రకు కట్టాడు. పేల్చేముందు దారిలో మనుషుల్ని ఆపే జెండా అది.

"ఇగ ఎవ్వల్ల పోనియ్య," అన్నాడు. "నిన్నైతే అసలే పోనియ్య."

మే నెల ఎండకు పెంకుల కింద గది పొయ్యిలా కాగుతోంది. పూత గట్టిపడటానికి అంతకన్నా ఏం కావాలి! అయినా నేను మూడుసార్లు లేచాను, ఆయన మూడుసార్లూ జెండా ఊపాడు. పక్క క్వార్టర్ల ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మాత్రం మంచినీళ్లు కూడా అక్కడికే తెప్పించుకుని తాగాడు.

పొద్దు వాలాక లేచాడు. నేనూ లేచాను.

"నువ్వాగు," అని ఒక్కడే లోపలికి వెళ్లాడు.

గనిలోనూ అంతే. పేలాక మొదట అడుగుపెట్టేది షాట్‌ఫైరరే. ప్రమాదం ఏదీ మిగల్లేదని ఆయన చెప్పాకే మిగతావాళ్లు దిగుతారు. తలుపు సందులోంచి చూశాను. చేతులు వెనక్కి కట్టుకుని, ట్యాంకును ముట్టకుండా, వంగి వంగి చుట్టూ తిరుగుతున్నాడు. నా పనిని ఆయన అంతసేపు చూడటం అదే మొదటిసారి.

బయటికొచ్చి, జెండా విప్పి అమ్మ చేతికిచ్చాడు. టిప్పర్ ఊసెత్తలేదు. ఇన్నేళ్లూ గనిలో కార్మికులకు చెప్పిన మాటే, అదే గొంతుతో నాకూ చెప్పాడు.

"అంత సాఫ్ ఉన్నది. పనికి పోవచ్చు."