నాలుగో పోర్టు మూయమన్న లైను

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. నమ్మేంత తీరిక కూడా లేదు. ఆదోనిలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. నెట్ పోతే జనం తిట్టేది నన్ను, వస్తే ఎవరూ తలుచుకోరు. దయ్యం ఎదురుగా వచ్చి నిలబడ్డా, కంప్లయింట్ రాసిచ్చి పొమ్మంటాను.

మా పని తెలియనివాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. మా రూటర్‌లో ఏదైనా మార్పు టైప్ చేస్తే అది వెంటనే జరగదు, అలా కాచుకుని ఉంటుంది. కమిట్ అని కొడితేనే అమలవుతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇంకెవరో టైప్ చేసి వదిలేసిన లైన్లుంటే మన కమిట్‌తో పాటు అవీ అమలైపోతాయి. అందుకే ముందు అలాంటివి ఉన్నాయేమో చూసుకోవాలి. ఎవరివీ కాకపోతే చెరిపేయాలి.

ఇప్పుడు చెప్పబోయేదానికి ముందు నెల నేను అది చూసుకోకపోవడం వల్ల మంత్రాలయంలో నాలుగు లాడ్జీలకు ఒక పూటంతా నెట్ పోయింది. మా మేనేజరు పిలిచి, ఇంకొక్కసారి జరిగితే ఇంటికి పొమ్మన్నాడు. నాకు ఇద్దరు పిల్లలు. ఇంట్లో సంపాదించేది నేనొక్కణ్నే. అప్పట్నుంచి రోజూ తొమ్మిదింటికి మొదట చేసే పని ఇదే.

ఒక సోమవారం ఎమ్మిగనూరు రూటర్‌లో కమిట్ కాని లైను ఒకటి కనిపించింది. నాలుగో పోర్టు మూసేయమని. ఆ పోర్టులోంచి నెట్ పోయేది ఆదోని రోడ్డులో ఉన్న పత్తి మిల్లుకు. టైప్ చేసినవాడి పేరు చూస్తే నాదే. పొద్దున ఆరూ పదికి. ఆ టైముకు నేను ఆదోనిలో మా ఇంట్లో, మునిసిపాలిటీ నీళ్లు వస్తుంటే బిందెలు నింపుతున్నాను. సరేలే అని చెరిపేశాను.

మంగళవారం మళ్లీ అదే లైను, అదే ఆరూ పది. పాస్‌వర్డ్ మార్చాను. బుధవారం మళ్లీ వచ్చింది. రూటర్ ఉన్న గది తాళంచెవి ఎమ్మిగనూరులో మా టెక్నీషియన్ మస్తాన్ దగ్గర ఉంటుంది. అతన్ని గట్టిగా నిలదీశాను. అల్లా తోడు, నేను ముట్టుకోలేదన్నాడు. బస్సెక్కి ఎమ్మిగనూరు పోయి, గదికి నేనే కొత్త తాళం వేసి, చెవి జేబులో వేసుకుని వచ్చాను. గురువారం కూడా ఆ లైను అక్కడే ఉంది.

రూటర్ తయారుచేసిన కంపెనీకి రికార్డులన్నీ పంపితే, యంత్రంలో లోపమేమీ లేదు, ఆ గదిలోనే కూర్చుని మీ పేరుతో టైప్ చేశారు అని జవాబిచ్చారు. మేనేజరుకు చెబితే, నీ పేరే ఉంది కదయ్యా, నన్నేం చేయమంటావు అన్నాడు. శనివారం దాకా ఆరు రోజులు, పళ్లు కొరుక్కుంటూ చెరిపాను.

ఆదివారం సెలవు. సోమవారం నేను చూడలేదు. మరిచిపోయి కాదు, విసుగొచ్చి. దాని మొహం చూడాలనిపించలేదు, మధ్యాహ్నం చూద్దాంలే అనుకున్నాను. ఒంటిగంట దాటాక మేనేజరు ఫోన్ చేసి, ఎమ్మిగనూరులో ఒక స్కూలుకు కొత్త కనెక్షన్ వెంటనే ఇవ్వాలని తొందరపెట్టాడు. టైప్ చేసి కమిట్ కొట్టేశాను. కొట్టిన తర్వాత గుర్తొచ్చింది.

రెండు నిమిషాల్లో మిల్లు గేటు దగ్గర హాజరు చూసే ఈరన్న ఫోన్.

"ఏమప్పా, నెట్టు పీకేసినారా? వేలు పడకుంటే లోపలికి పోమని ఆడోళ్లంతా గేటుకాడే నిలబడినారు."

ఆ మిల్లులో అన్నం తిని వచ్చాక మళ్లీ మెషీన్ మీద వేలు పెట్టాలి. వేలు పడకపోతే ఆ పూట కూలి లేదు. నెట్ లేకపోతే మెషీన్ వేలు తీసుకోదు. పత్తి ఏరే ఆడవాళ్లు ముప్పైమంది దాకా ఎండలో నిలబడి నన్ను తిడుతున్నారు, ఫోన్లో వినబడుతూనే ఉంది. సరిచేయడం నిమిషం పని. కీబోర్డు మీద చెయ్యి వేశానో లేదో మేనేజరు ఫోన్. మిల్లువాళ్లు ఆయనకూ చేశారు. ఆయన మొదలుపెడితే ఆపడు. చేతిలో పని వదిలి సరిగ్గా వినమన్నాడు. మంత్రాలయం లాడ్జీల దగ్గర్నుంచీ తవ్వి తీసి పావుగంట తిట్టాడు. మధ్యలో రెండుసార్లు, సార్, మిల్లుకు నెట్ ఇచ్చి మాట్లాడతానన్నాను. వినలేదు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ఆయన పెట్టేసిన వెంటనే మళ్లీ ఈరన్న. గొంతు మారిపోయింది.

"అన్నా, నెట్టు ఇంక ఇయ్యొద్దులే. షెడ్డు పడిపోయింది. లోపల ఎవురూ లేరు."

ఆడవాళ్లు కూర్చుని పత్తి ఏరే షెడ్డు అది. దాని గోడ, పైన రేకులతో సహా లోపలికి కూలింది. పాత గోడ, మొన్నటి వానలకు నాని ఉంది, అవతలి పక్క పత్తి బేళ్లు గోడకు ఒత్తి పేర్చారని తర్వాత చూసినవాళ్లు చెప్పారు. గోడ ఎందుకు పడిందో అందరికీ అర్థమైంది. నాకూ అర్థమైంది.

ఉద్యోగం పోలేదు. చూసుకోకుండా కమిట్ కొట్టినందుకు తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసివ్వమన్నాడు మేనేజరు. పొరపాటు అని రాసి సంతకం పెట్టాను. అంతకన్నా ఏం రాయాలో తెలియలేదు. ఆ లైను మళ్లీ ఎప్పుడూ రాలేదు.

వారం తర్వాత ఆ ముప్పైమందిలో ఒకామె, సుంకమ్మ, వేయించిన చెనక్కాయలు కొంగులో కట్టుకుని మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చింది. మూట నా టేబుల్ మీద విప్పింది.

"నీకెవురు సెప్పినారు నాయనా?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదమ్మా, పొరపాటున జరిగిందన్నాను. ఆమె నమ్మలేదు, నాకు దండం పెట్టి పోయింది. నాకు కోపమొచ్చింది, ఎవరిమీదో తెలియదు. ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసిన ఆరు రోజులూ ఆ లైను చెరిపి, వాళ్లను ఆ గోడ కిందికే పంపాను. ఏడో రోజు కూడా పొద్దునే చూసి ఉంటే, అదీ చెరిపేసేవాణ్నే.