నాయనమ్మ బైబిలులో ఇరవై నాలుగు మాటలు

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరూ నన్ను 'చెప్పిన మాట వినే పిల్ల' అని మెచ్చుకునేవారు. పందొమ్మిదేళ్ళు నిండినదాన్ని పట్టుకుని అలా అంటే సిగ్గుపడాలి గాని, నేను పొంగిపోయేదాన్ని. ఆరేళ్ళప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం నా గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. అందుకని బడికి వెళ్ళలేదు. చిలకలగూడలో మేముండే రెండో అంతస్తు మెట్లు దిగి మళ్ళీ ఎక్కడమే నాకు ఒక ప్రయాణం. టీచరుగా చేసి రిటైరైన మా నాయనమ్మే నా బడి. ఆవిడ మంచం పక్క ముక్కాలిపీట నా బెంచీ. అలా పెరిగినవాళ్ళకి లోకజ్ఞానం ఎంత తక్కువో విధేయత అంత ఎక్కువ. ఆ విధేయతతోనే నేను మా అన్నయ్య కష్టార్జితాన్ని, దాంతోపాటు నా గుండె ఆపరేషన్నీ పాతిపెట్టాను. మాటవరసకు అంటున్నాననుకోకండి. ఆరడుగుల లోతున, మట్టి కప్పి, పాట పాడి, ప్రార్థన చేసి మరీ పాతిపెట్టామని ఇంటిల్లిపాదీ నెత్తీ నోరూ బాదుకున్నాం.

నాన్న పోయాక ఇల్లు అన్నయ్య మీదే నడిచేది. ముందు గదిలో కూర్చుని ఏదో విదేశీ కంపెనీకి కంప్యూటరు పని చేసేవాడు. వాళ్ళు జీతంలో కొంత భాగం రూపాయల్లో కాకుండా, కంప్యూటరు లెక్కల్లో మాత్రమే ఉండే క్రిప్టో నాణేల్లో ఇచ్చేవాళ్ళు. ఆ భాగాన్ని అన్నయ్య ముట్టేవాడు కాదు. "అది చిట్టి గుండె" అనేవాడు. (చిట్టి అంటే నేనే.) చేతికి అందని డబ్బుతో గుండెనెలా బాగుచేయిస్తావురా అని అమ్మ రోజూ అడిగేది. కవాటం మార్చక తప్పదనీ, ఏడాదికి మించి ఆగొద్దనీ డాక్టరుగారు అప్పటికే చెప్పి ఉన్నారు. కనుక అమ్మ ప్రశ్నలో వెటకారం కంటే భయం ఎక్కువ.

ఒకనాటి మధ్యాహ్నం చిన్న పార్సిలొచ్చింది. లోపల పెన్‌డ్రైవు లాంటి వస్తువు, దానికి వేలిగోరంత తెర. అన్నయ్య నాయనమ్మ భూతద్దం తీసుకుని పెట్టె సీలు చుట్టూ తిప్పి తిప్పి చూశాడు.

"ఏం నాయనా, పురుగు పట్టిందా?" అంది నాయనమ్మ.

"కాదు నాయనమ్మా. ఇది తయారుచేసినవాళ్ళ దగ్గరే కొనాలి. ఇంకెవరి దగ్గరైనా చవగ్గా కొంటే, వాళ్ళు ముందే విప్పి ఏం చేశారో తెలీదు. మనం డబ్బు వేస్తాం, వాళ్ళు తీసుకుంటారు."

"అయితే డబ్బు ఇందులో పెడతావన్నమాట."

"డబ్బు ఇందులో ఉండదు. అది బయట, లోకమంతా చూడగలిగే లెక్కలో ఉంటుంది. ఇందులో ఉండేది తాళంచెవి."

"మరి ఇది పోతే?"

"పోయినా భయం లేదు. మొదలుపెట్టగానే ఇది ఇరవై నాలుగు మాటలు చూపిస్తుంది. అవే అసలు తాళంచెవి. ఇంకో కొత్తది కొని, ఆ మాటలు అదే వరసలో కొడితే అన్నీ తిరిగొస్తాయి."

"మాటలు పోతే?"

అన్నయ్య నా వైపు చూసి "పోవు. చిట్టి రాస్తుంది కదా" అన్నాడు.

అన్నయ్య రాత అన్నయ్యకే అర్థమయ్యేది కాదు, అందుకని ఆ పని నాకొచ్చింది. తెర మీద ఒక్కొక్క ఇంగ్లీషు మాటే వచ్చింది. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు. నాయనమ్మ నేర్పిన గుండ్రటి అక్షరాలతో కార్డు మీద ఇరవై నాలుగూ రాసి, రెండుసార్లు సరిచూసుకున్నాను. (ఆ మాటలేవో ఇక్కడ రాయను. నేనింకా చెప్పిన మాట వినే పిల్లనే.) తర్వాత అన్నయ్య వేళ్ళు మడుస్తూ చెప్పాడు. "దీన్ని ఫోటో తీయకు. ఫోనులో కొట్టకు. మెసేజిలో పంపకు. కంపెనీవాళ్ళం మాట్లాడుతున్నామని ఎవరు ఫోను చేసినా సరే, ఒక్క మాట కూడా చెప్పకు. ఎక్కడ దాచావో ఎవరికీ తెలియకూడదు."

"నీకు కూడానా?"

"నాక్కూడా వద్దు. యంత్రం నా దగ్గర, మాటలు నీ దగ్గర."

యంత్రానికో రహస్య సంఖ్య పెట్టుకున్నాడు. వరసగా మూడుసార్లు తప్పు కొడితే లోపలిదంతా అదే చెరిపేసుకుంటుందట, దొంగల కోసం. ఇంకా రెండు పనులు మిగిలాయన్నాడు. యంత్రాన్ని ఒకసారి చెరిపి, కార్డు చూసి మాటలన్నీ కొట్టి తిరిగి తెప్పించుకోవాలి, ఆ తర్వాతే డబ్బు వేయాలి. కార్డుకి ఇంకో నకలు రాసి వేరే ఇంట్లో పెట్టాలి. "శనివారం చేద్దాం" అన్నాడు, ఎవరో ఫోను చేస్తే లేచి వెళ్ళిపోయాడు. ఆ శనివారం రాలేదు. డబ్బు మాత్రం వేసేశాడు.

కార్డు దాచడానికి నేను మూడు రోజులు ఇల్లంతా వెతికాను. బీరువాలో అమ్మ చెయ్యి తిరుగుతుంది. బియ్యం డబ్బాలో పురుగు. చివరికి నాయనమ్మ బైబిలు కనిపించింది. దానికి నల్ల రెక్సిన్ తొడుగు, జిప్పు, వెనక అట్ట దగ్గర లోపలికి ఒక అర. ఇల్లు తగలబడితే మేం ముందు నాయనమ్మని ఎత్తుకుంటాం, ఆవిడ ముందు దాన్ని ఎత్తుకుంటుంది. దొంగ వచ్చినా దాన్ని పక్కకి జరిపి బీరువా దగ్గరికే పోతాడు. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆవిడ కునుకు తీస్తున్న వేళ కార్డుని అరలోకి తోసి జిప్పు లాగేశాను.

నెలన్నర తిరక్కుండానే నాయనమ్మ పోయింది. ఉదయం ప్రార్థన చేసుకుని, కాఫీ అడిగి, కాఫీ వచ్చేలోపు కుర్చీలోనే కళ్ళు మూసుకుంది. అంత నెమ్మదైన మరణం ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. కాని ఆ కాఫీ గ్లాసు నా చేతిలోనే ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తోచలేదు.

మల్కాజ్‌గిరి నుంచి అత్తయ్య వచ్చింది. నాన్నకి అక్క, నాయనమ్మకి ఒక్కతే కూతురు. మాట గట్టి మనిషి. నాయనమ్మ వస్తువుల సంగతి ఎవరో ఎత్తగానే హాల్లో అందరి ముందూ "మా అమ్మే పోయాక ఆవిడ చీరలూ చెంబులూ నాకెందుకు? నాకేమీ వద్దు. ఒక్క గుడ్డ పీలిక కూడా వద్దు" అంది. మావాళ్ళలో పెద్దవాళ్ళు పోతే వాళ్ళు చదువుకున్న బైబిలు పెట్టెలో వాళ్ళతోనే పెడతాం. ఆ పని నన్నే చేయమన్నారు. జిప్పు సరిగ్గా వేసి, నాయనమ్మ వేళ్ళు దాని మీదికి సర్దాను. ఆ వేళ ఆ ఇరవై నాలుగు మాటల ఊసే నా మనసులో లేదు. నాకు ఆయాసం రావడంతో మూత వేయకముందే నన్ను వెనక గదిలోకి తీసుకుపోయి కూర్చోబెట్టారు. సమాధుల తోటకి కూడా నన్ను పంపలేదు.

రెండు వారాల తర్వాత డాక్టరుగారు పరీక్ష చేసి, ఇక ఆలస్యం కుదరదు, వచ్చే నెలలో చేసేద్దామన్నారు. అన్నయ్య ఇంటికొచ్చి యంత్రం తీశాడు. నిద్రల్లేని మనిషి, నాయనమ్మ దిగులొకటి. సంఖ్య ఒకసారి కొట్టాడు, తప్పు. ఇంకోసారి కొట్టాడు, తప్పు. "అంకెలు వెనకాముందూ అయ్యుంటాయి" అని మూడోసారి కొట్టాడు. తెర ఒకసారి ఆరి, కొత్త పెళ్ళికూతురిలా ఏమీ తెలియనట్టు స్వాగతం పలికింది. దొంగలెవరూ రాలేదు. దొంగల కోసం పెట్టిన తాళం మామీదే పడింది.

అన్నయ్య మాత్రం నవ్వాడు. "ఏం కంగారు లేదు చిట్టీ. దాని పని అది చేసింది. కార్డు తే."

నేను నాయనమ్మ ఖాళీ కుర్చీ వైపు చూశాను.

"ఎక్కడ పెట్టావు?"

"ఎవరికీ చెప్పొద్దన్నావు."

"ఇప్పుడు చెప్పవే!"

"నాయనమ్మ బైబిల్లో."

అన్నయ్య హాయిగా ఊపిరి వదిలి, లేచి, నాయనమ్మ అలమారా దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి గాల్లో అలాగే ఆగిపోయింది. బైబిలుండే చోట దుమ్ములో నలుచదరపు గుర్తు మిగిలుంది. వంటింట్లోంచి తొంగిచూసిన అమ్మకి సంగతి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "గుండెని మూటగట్టి మీ నాయనమ్మ చేతికిచ్చి పంపేశావా తల్లీ" అని నేల మీద కూలబడింది.

ఇప్పుడు చెప్పడానికి నాకు సిగ్గేసే సంగతి ఇది. అన్నయ్య "పోనీలే, మళ్ళీ సంపాదిస్తా, ఎవరినైనా అడుగుతా" అన్నాడు. అమ్మ "ఆవిణ్ణి కదపొద్దు" అంది. పునరుత్థానం గురించి కంఠతా చెప్పగలిగిన నేను, ఇంటికొచ్చే ఆదివారం బడి పిల్లలకి మరణభయం వద్దని చెప్పే నేను, గోడకి ఆనుకుని కూర్చుని "తవ్విద్దాం" అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు అన్నాను. నాకు బతకాలని ఉంది. అంత గట్టిగా ఉందని అప్పటిదాకా నాకూ తెలియదు.

అన్నయ్య వెళ్ళి అడిగితే పాస్టరుగారు తల పట్టుకున్నారు. సమాధి తెరవడమంటే మాటలు కాదనీ, పోలీసులూ పై అధికారుల ఉత్తర్వులూ కావాలనీ, అన్నిటికంటే ముందు కూతురిగా అత్తయ్య ఒప్పుకోవాలనీ చెప్పారు. పోలీసుల దగ్గరికైతే వెళ్తానుగాని అత్తయ్య దగ్గరికి వెళ్ళనన్నాడు అన్నయ్య. ముందు అసలు కుదిరే పనేనా కనుక్కుందామని, ఒక సాయంత్రం నన్నూ అమ్మనీ ఆటోలో సమాధుల తోటకి తీసుకెళ్ళాడు. అక్కడ గుంటలు తవ్వే తాత పార భుజాన వేసుకుని మా కథంతా విన్నాడు.

"ఏందీ, ఇరవై నాలుగు మాటలా? గా మాటలు యాదికి లేవా బిడ్డా నీకు? రాసింది నువ్వే గద."

"మూడు గుర్తున్నాయి తాతా."

"మూడిట్ల ఏమైతది! ఉంగరం మర్చిపోయి వచ్చినోళ్ళను చూసిన, కళ్ళద్దాలు మర్చిపోయి వచ్చినోళ్ళను సుత చూసిన. గిట్ల గుండెకాయ మర్చిపోయి వచ్చినోళ్ళను మిమ్ములనే చూసుడు." తల ఆడిస్తూ, చోటు చూపిస్తానని నాయనమ్మ సమాధి పక్క పెరిగిన గడ్డిని పారతో చెక్కడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర ఇంకో ఆటో ఆగింది. మా కోసం ప్రార్థన చేయమని చెప్పడానికి పాస్టరమ్మగారు అత్తయ్యకి ఫోను చేశారట. చెప్పులు చేత్తో పట్టుకుని అత్తయ్య సమాధుల మధ్యనుంచి పరుగెత్తుకొస్తోంది.

"ఒరేయ్ అబ్బాయ్! ఆ పార అవతల పారేయించు! మా అమ్మ మీద చెయ్యి వేశారో, మీ అందరి కాళ్ళూ విరగ్గొడతా!"

"తవ్వట్లేదత్తయ్యా, గడ్డి."

"దేనికిరా ఇదంతా? ఆవిడగారేమైనా బంగారం కట్టుకుపోయిందా?"

"బైబిలు తొడుగులో ఒక కార్డుందత్తయ్యా. అది దొరక్కపోతే చిట్టి ఆపరేషన్ డబ్బు లేనట్టే."

అత్తయ్య జోరు తగ్గింది. పక్క సమాధి గట్టు మీద కూర్చుని చెప్పులు మెల్లగా కింద పెట్టింది.

"అది అందులో లేదురా."

"ఎందులో?"

"పెట్టెలో." ఆవిడ మా ఎవరి ముఖమూ చూడలేదు. "మూత వేసేముందు ముద్దుపెట్టుకోవడానికి వంగాను కదా. అప్పుడు కొంగులోకి తీసేసుకున్నా."

"మరి ఏమీ వద్దన్నారుగా వదినా!" అంది అమ్మ.

"అన్నాను అమ్మాయ్. ఊరందరి ముందూ అన్నాను. అన్నాక ఇంకెలా అడగను? చిన్నప్పట్నుంచీ ఆవిడ ఒళ్ళో చూసిన పుస్తకం అది."

"అయితే నాయనమ్మ చేతిలో ఏముంది?" అన్నాడు అన్నయ్య.

"నా పాటల పుస్తకం పెట్టా. ఉత్త చేతులతో పంపుతానట్రా?"

నవ్వాలో ఏడవాలో తెలియని చోట మేం నలుగురం నిలబడ్డాం. తాత పార మీద గడ్డం ఆనించి "ఇగ లొల్లి ఒడిసింది గద. జెర పెద్దమ్మకు మాఫ్ చేయమని చెప్పుండ్రి. పరేషాన్ చేసినం" అన్నాడు. మేం వరసగా నిలబడి నాయనమ్మకి క్షమాపణ చెప్పుకున్నాం. అందరికంటే ఎక్కువ సేపు నేనే చెప్పాను. తవ్విద్దామన్నది నేనే కదా.

ఆ సాయంత్రమే మల్కాజ్‌గిరి వెళ్ళాం. బైబిలు అత్తయ్య దిండు పక్కనుంది, కార్డు అరలోనే ఉంది. అత్తయ్యకి అది ముందే కనిపించిందట. "ఇంగ్లీషు మాటలు వరసగా రాసున్నాయి. ఈ వయసులో కూడా మా అమ్మ కొత్త మాటలు నేర్చుకుంటోంది కాబోలు అనుకుని, దాన్ని పట్టుకుని రెండు రోజులు ఏడ్చానే" అంది. అన్నయ్య ఇంటికొచ్చి ఒక్కొక్క మాటే ఆ చిన్న యంత్రంలోనే కొట్టాడు, కంప్యూటరులో కొట్టకూడదట. ఇరవై నాలుగో మాట పడ్డాక మేం ముగ్గురం ఆ వేలిగోరంత తెర మీదికి వంగాం. అంతా తిరిగొచ్చింది. ఆ శనివారం, నిజంగానే శనివారం, రెండో కార్డు రాసి వేరే ఇంట్లో పెట్టాం. ఎవరింట్లోనో చెప్పను.

కొంత అమ్మి, పన్ను కట్టి, మరుసటి నెలలోనే నా ఆపరేషన్ చేయించారు. గుండెలో లోహపు కవాటం పెట్టారు. కోలుకుని మొదటిసారి చర్చికి వెళ్ళినప్పుడు సాక్ష్యం చెప్పమన్నారు. డాక్టర్లకీ, నర్సులకీ, అన్నయ్యకీ, సమాధుల తోట తాతకీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి, అత్తయ్య దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. శవపేటికలోంచి బైబిలు దొంగిలించినందుకు దేవునికి స్తోత్రం అని మైకులో ఎలా చెప్పడం? మొదటి వరసలో కూర్చున్న అత్తయ్య నన్ను ఉరిమి చూస్తోంది. "అత్తయ్యగారు చేసిన సహాయానికి" అని గొణిగి దిగిపోయాను.

ఇప్పుడైతే పూర్తిగా చెప్పేదాన్ని. సమాధి తవ్వమని అడిగిన పిల్ల సంగతి కూడా చెప్పేదాన్ని. ఆ పిల్లకి విశ్వాసం తక్కువని చాలాకాలం బాధపడ్డాను గాని, ఇప్పుడు తలుచుకుంటే దాని మీద ప్రేమే పుడుతోంది. ఈ లోహపు కవాటం చప్పుడు చేస్తుంది. చర్చిలో అందరూ మౌనంగా తల వంచుకున్నప్పుడు టిక్కు టిక్కుమని బయటికే వినపడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు గోడ మీద గడియారం కోసం చూస్తారు. పక్కనున్న అత్తయ్య కళ్ళు తెరవకుండానే నా చేతి మీద చెయ్యి వేసి, "అది మా పిల్లేనండీ, ప్రార్థన చేసుకోండి" అంటుంది.