ఎదురింటాయన ఫొటో

మలేషియా క్లాంగ్‌లో మా ఫ్లాట్ల కింద ఈ రోజు ఫొటోలు పెట్టారు. ఆఫ్రికా మగవాళ్లంటే మనకున్న భయం పోవాలని, ఇక్కడే ఉంటున్నవాళ్లని ఒకమ్మాయి వాళ్ల ఇళ్లలోనే తీసింది. కూతురికి జడలల్లుతున్న ఒకాయన ఫొటో ముందు అమ్మ ఆగిపోయింది.

"మొకం ఎంత సల్లగున్నాదే! ఏ ఇల్లో సూడు."

కింద నంబరు చూశాను. మా ఎదురిల్లే! నాలుగేళ్లుగా ఆయనుంటే లిఫ్టెక్కని నేను, ఆ ముఖం సరిగ్గా ఒక్కసారీ చూడలేదు. ఏటా దీపావళికి మా అంతస్తంతా జంతికలు పంచి, ఆ ఒక్క తలుపే వదిలేస్తాం.

వెనక నుంచి ఆయనే, అచ్చం ఇక్కడి మలేషియావాళ్ల యాసలో, నవ్వుతూ అన్నారు: "మీ మురుక్కు వాసన మాత్రం ఏటా మా ఇంటికొస్తుంది లా, ఆంటీ."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు అమ్మ జంతికలు వేయిస్తోంది. పండగ కాని రోజున ఏం మొహం పెట్టుకుని ఆ తలుపు కొట్టాలో, మీరైనా చెప్పండి.