అబ్బులు సుత్తి, డాక్టరుగారి బొటనవేలు

నిన్న పొద్దున మా వీధి మొగలో పంక్చర్లు వేసే అతను పాత రబ్బరు ముక్కలన్నీ పోగేసి తగలబెట్టాడు. ఇరుగుపొరుగు వాళ్ళు ముక్కులు మూసుకుని అతన్ని నానా తిట్లూ తిట్టి తలుపులేసుకున్నారు. నేను మాత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని ఆ కంపు ఆగిపోయేదాకా కూర్చున్నాను. మా కోడలు వచ్చి, మీకేమైనా మతి పోయిందా అన్నట్టు చూసి వెళ్ళింది. గొప్పవాళ్ళను తలుచుకుంటే కొందరికి మల్లెపూలో గంధమో గుర్తొస్తాయట. నాకు రాజ్యలక్ష్మిగారు కాలిన రబ్బరు వాసనతోనే గుర్తొస్తారు. ఆవిడకు తెలిస్తే నవ్వి ఊరుకునేవారు.

రాజ్యలక్ష్మిగారు డాక్టరు. యాభైల్లో అమలాపురంలో ఆడవాళ్ళ కోసం చిన్న ఆస్పత్రి నడిపేవారు. నర్సు చదువు ముగించుకుని నేను తిన్నగా ఆవిడ దగ్గరే చేరాను. పొట్టి మనిషి, బండారులంక నేత చీర, బిగించి ముడేసిన జుట్టు. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. వాళ్ళ నాన్నగారు యుద్ధం రోజుల్లో రాజోలు వైపు బస్సు నడిపేవారట. పెట్రోలు దొరక్క బొగ్గుల పొగతో బస్సులు తిరిగిన కాలం అది. ఆ బస్సు షెడ్డులో తండ్రికి పానాలు అందిస్తూ పెరిగి, తర్వాత మద్రాసు వెళ్ళి డాక్టరు చదివారు. ఆ సంగతి ఊళ్ళో అందరూ చెప్పుకునేవారు గానీ, చెప్పుకునే కథల్లో అదీ ఒకటనుకుని నేను పెద్దగా నమ్మలేదు.

ఆవిడకు ఒక పాత కారు, ఆ కారుకు అబ్బులు అనే డ్రైవరు ఉండేవాడు. అబ్బులుకు ఆ కారంటే ప్రాణం. రాజోలు వైపు పల్లెలకు వెళ్ళాలంటే ఏటి మీద పంటు ఎక్కించి కారును దాటించాలి. అక్కడి ఉప్పునీళ్ళు అడుగుభాగమంతా చిమ్మేవి. కారు బరువును మోసే వెనక కమాను పట్టీల చివర ఒక ఉంగరం, ఆ ఉంగరంలో బుష్ అని ఒక చిన్న గొట్టం ఉంటుంది. పైన ఇనపతొడుగు, నడుమ రబ్బరు, లోపల మరో సన్నని గొట్టం, అందులోంచి దూరిన బోల్టు. ఉప్పు తిని ఆ బోల్టు లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయింది. కారు గుంటలో పడ్డప్పుడల్లా కిర్రుమనేది. దానికి అబ్బులు చేసిన వైద్యం మా కొబ్బరితోటల సీమ మనిషే చేయగలడు. వాళ్ళమ్మ గానుగ పట్టించిన కొబ్బరినూనె రోజూ ఆ బుష్ మీద పోసేవాడు. మా ప్రాంతంలో తలనొప్పికీ, కాలిన గాయానికీ, తలుపు గడియకూ కొబ్బరినూనె తప్ప ఇంకోటి తెలియదు కదా. చలికాలంలో ఆ నూనె తెల్లగా పేరుకుని ఉంటే, పొద్దున్నే వేడి గుడ్డతో కాపడం కూడా పెట్టేవాడు.

ఇక మంగమ్మ సంగతి. రాజోలు అవతల సముద్రం దాపున ఉన్న పల్లెలో కొబ్బరితోటల రైతు కోడలు. కటి ఎముకలు ఇరుకు. మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. రెండోసారి నొప్పులు మొదలయ్యాక ఎడ్లబండిలో బయల్దేరదీశారు, దారిలోనే ఆ బిడ్డా పోయింది. ఈసారి ఆపరేషను చేసి తీయాల్సిందే, ముందుగానే ఆస్పత్రికి రావాలి అని డాక్టరుగారు చెప్పారు. కడుపుతో ఉన్న మనిషి ఏరు దాటకూడదని అత్తగారు పట్టుబట్టింది. డాక్టరుగారు వాళ్ళింటికి వెళ్ళి అరుగు మీద కూర్చుని ఎంతసేపు బతిమాలారో నాకు తెలుసు. చివరికి అత్తగారు పంచాంగం చూపించి, ఒక గురువారం పొద్దుటి వేళకు ఒప్పుకుంది. అదీ కారులో అయితేనే, డాక్టరుగారు స్వయంగా వస్తేనే. ఎడ్లబండి మాట ఎత్తవద్దంది. "నేనే వస్తాను, నా కారులోనే తీసుకెళ్తాను" అని డాక్టరుగారు ఆవిడ చేతిలో చెయ్యేసి చెప్పారు.

సరిగ్గా ముందురోజు, బుధవారం పొద్దున, కారు ఒక పక్కకు ఒరిగి నిలబడింది. అబ్బులు మొహం పాలిపోయింది.

"బుష్ కదలట్లేదండి అమ్మగారూ. బోల్టు ఊడి రావట్లేదు. తాళ్ళేసి బిగించుకుని ఎలాగోలా పోనిద్దారండి" అన్నాడు.

డాక్టరుగారు వంగి, చేత్తో తడిమి చూశారు. "కమాను కదలకపోతే పట్టీ విరుగుతుంది అబ్బులూ. కాలవ గట్టు మీద విరిగిందనుకో, నువ్వూ నేనూ సరే, మంగమ్మ సంగతేవిటి? కొత్త బుష్ తెప్పించేం కదా, ఏదీ?"

"ఉందండి. పాతది రాందే ఎక్కడ పెడతానండి? రోజూ నూనె పోస్తానే ఉన్నానండి."

"ఏం నూనె?"

చెప్పాడు. ఆవిడ వేలితో కాస్త రబ్బరు గిల్లి చూపించారు. నూనె తాగి ఉబ్బి జిగురుముద్దైపోయింది. నేనైతే ఆ కోపానికి చెడామడా తిట్టి ఉండేదాన్ని.

"రబ్బరుకి నూనె పడదు. ఇన్నాళ్ళూ అడక్కపోవడం నా పొరపాటు. సరే, విప్పుదాం" అన్నారు.

చీర కొంగు బిగించి ఆపరేషనుకు వేసుకునే పాత అంగీ ఒకటి తొడుక్కున్నారు. అప్పుడు నమ్మాను ఊళ్ళో కథను. జాకీ ఎత్తించి, చట్రం కింద కొబ్బరి దుంగలు పెట్టించారు. అతుక్కున్న బోల్టును అటూ ఇటూ రంపం బ్లేడుతో కోయించి, కమాను మొత్తం దింపించారు. పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పు పనికిరాదని దాన్ని పెరట్లో నీళ్ళు కాచుకునే పొయ్యి దాకా మోయించారు. ఎర్రగా కాలిన చువ్వ ఆ ఉంగరంలోకి దూర్చగానే లేచింది పొగ. రబ్బరు, అందులో ఊరిన కొబ్బరినూనె కలిసి కాలిన ఆ వాసన ఆస్పత్రి వార్డు దాకా వెళ్ళింది. బాలింతలు కేకలేశారు. ఆవిడ చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, అందరినీ చూసి, మందులు రాసి, మళ్ళీ వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నారు.

రబ్బరు పోయింది గానీ బయటి ఇనపతొడుగు ఉంగరానికి తుప్పుతో పట్టేసి ఉంది. దాన్ని లోపలినుంచి నిలువునా కోయాలి. తొడుగు తెగాలి, ఉంగరానికి గీత కూడా పడకూడదు. పడితే ఎప్పుడో అక్కడే పగులుతుంది. ఆ కోత ఆవిడే కోశారు. నేను టార్చిలైటు పట్టుకున్నాను. కాసేపు కోసి, ఆగి, కళ్ళు మూసుకుని బ్లేడు చప్పుడు వినేవారు. ఆపరేషను గదిలో ఆవిడ మొహం ఎలా ఉండేదో అక్కడా అలాగే ఉంది. ఇంత మనిషి దగ్గరా నేను పనిచేస్తున్నది అనిపించింది.

ఆ తర్వాత ఉలి పెట్టి తొడుగును లోపలికి మడతపడేలా కొట్టాలి. ఉలి ఆవిడ పట్టుకున్నారు, సుత్తి అబ్బులు పట్టుకున్నాడు. దెబ్బలు బాగానే పడుతున్నాయి. ఎలా జారిందో, ఒక దెబ్బ తిన్నగా ఆవిడ ఎడమచేతి బొటనవేలి మీద పడింది.

ఆవిడ అరవలేదు. వేలును రెండో చేత్తో గట్టిగా పట్టుకుని తల దించుకున్నారు. అబ్బులు సుత్తి పారేసి రెండు చేతులతో తల బాదుకున్నాడు. "ఆపరేషన్లు చేసే చెయ్యండి! నా చేతులు పడిపోనండి! కమ్మరి వీరన్నని పిలుచుకొస్తానండి, ఇక నేను కొట్టనండి" అని ఏడుపు లంకించుకున్నాడు. నాకూ అదే సబబనిపించింది. పరిగెత్తి వెళ్ళి కట్టు తెచ్చాను. ఆవిడ కట్టించుకుని, ఉలి తీసి, అదే చోట, అదే చేత్తో పెట్టారు.

"సుత్తి తీసుకో అబ్బులూ."

"వద్దండి అమ్మగారూ."

"తీసుకో. కొట్టు."

"మళ్ళీ తగిలితేనండీ?"

"తగిలితే మళ్ళీ పెడతాను. కొట్టు."

అబ్బులు కళ్ళు తుడుచుకుని సుత్తి ఎత్తాడు. వేలును పక్కకు జరపలేదావిడ. సుత్తికి దూరంగా ఉలిని కిందకు పట్టుకోనూ లేదు. అతని మొహంలోకే చూస్తూ కూర్చున్నారు. నేను కళ్ళు మూసుకున్నాను. దెబ్బ ఉలి మీదే పడింది. తర్వాతిదీ అంతే. ఇంకాసేపటికి తొడుగు ముడుచుకుని ఊడి కింద పడింది. ఉంగరం లోపల ఒక్క గీత లేదు. అబ్బులు దాన్ని చేతిలోకి తీసుకుని పసిపిల్లాడిలా నవ్వాడు.

కొత్త బుష్‌కు సబ్బునీళ్ళు రాసి, పొడుగు బోల్టూ గొట్టం ముక్కా పెట్టి బిగించుకుంటూ పోతే మెల్లగా తన చోట్లోకి దూరింది. కమాను ఎక్కించాక అబ్బులు నట్టు గట్టిగా బిగించబోతే ఆపారు. ముందు కారు దింపు, బరువు దాని మీద పడనీ, అప్పుడు బిగించు, లేకపోతే రబ్బరు మెలితిరిగి చిరుగుతుంది అన్నారు. పొద్దు వాలేసరికి కారు నిటారుగా నిలబడింది.

గురువారం చెప్పిన వేళకు మంగమ్మ వాకిట్లో ఉన్నాం. అత్తగారి చూపు ముందు కట్టు మీద పడింది.

"ఆ వేలేవిటండీ డాక్టరమ్మగారూ?"

"కారు పని పడిందిలెండి."

అబ్బులు ఊరుకోలేదు. "నా సుత్తేనండి. మీ కోడలుగారి కోసం కారు బాగుచేస్తా కొట్టేసేనండి" అన్నాడు తల వంచుకుని. ఆ పెద్దావిడ కోడలి మూట తనే అందుకుని, "నేనూ వస్తానండి, ఏరు దాటితే దాటేను" అని కారెక్కింది.

పంటు మీదే నొప్పులు మొదలయ్యాయి. గట్టు మీద అన్ని గుంటల్లోనూ కారు ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. దీపాలు పెట్టే వేళకు ఆపరేషను అయింది. ఆడపిల్ల పుట్టి గుక్కపట్టి ఏడ్చింది. బయట అత్తగారు, ఆవిడ పక్కన అబ్బులు, ఇద్దరూ అంతకంటే గట్టిగా ఏడ్చారు. డాక్టరుగారి చేతి తొడుగులు తీయబోతే ఎడమచేతిది రాలేదు. వేలు అంత వాచిపోయింది. కత్తెరతో కోసి తీయాల్సి వచ్చింది. ఆ వేలితో అంత ఆపరేషను ఎలా చేశారో నాకు ఇప్పటికీ తెలియదు. గోరు ఊడి, వంకరగా మొలిచింది. అబ్బులు ఆవిడ దగ్గర చివరిదాకా పనిచేశాడు.

డాక్టరుగారు పోయాక నేను వేరే ఆస్పత్రిలో నర్సులకు పెద్దనయ్యాను. ఒకరోజు కొత్తగా చేరిన అమ్మాయి రోగికి నరం దొరక్క చెయ్యంతా నల్లగా కమిలేలా గుచ్చింది. రోగి తాలూకు వాళ్ళు నోటికొచ్చినట్టు తిట్టారు. ఇంకెప్పుడూ సూది పట్టనని ఆ అమ్మాయి గదిలో మూల కూర్చుని ఏడుస్తోంది. నేను వెళ్ళి తన ముందు కూర్చుని, చెయ్యి మోచేతి దాకా తెరిచి చాపాను. "గుచ్చు" అన్నాను.

"మళ్ళీ తప్పితేనండీ?"

"మళ్ళీ పెడతాను."

సూది దగ్గరికొస్తుంటే చెయ్యి వెనక్కి లాక్కోవాలనిపించింది. పెరట్లో ఆ రోజు డాక్టరుగారికీ ఇంత భయమూ వేసే ఉంటుందని అప్పుడు తెలిసింది నాకు. అన్నేళ్ళూ ఆవిడకు భయమే లేదనుకున్నాను. చెయ్యి అక్కడే ఉంచాను.