బాపు పేరు మీద బెల్లం

షుగర్ జబ్బున్న తండ్రి పేరు మీద ఆటో ట్రాలీ నిండా బెల్లం రప్పించిన కొడుకు నిజామాబాద్ జిల్లా మొత్తంలో నేనొక్కణ్నే అయి ఉంటాను. కావాలని చేయలేదు. కావాలని చేయడానికి కొంత తెలివి ఉండాలి. అప్పట్లో నా దగ్గర ఉన్నది కంప్యూటర్ డిప్లొమా మాత్రమే.

మా దిక్కు ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలుస్తున్న రోజులు. బోధన్‌లో అలాంటి ఒక సెంటర్‌కు, పాడైన ఒక కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్లాను. అది బాగు కాలేదు. ఊరికే ఉండలేక, పక్కనే బెల్లం, పసుపు అమ్మే లక్ష్మక్కకు వెబ్‌సైటు గురించి చెప్పాను.

"అక్కా, దునియాల ఎక్కడోళ్లైనా నీ బెల్లం కొనొచ్చు."

"ఆడ బెల్లం దొరుకుతలేదా వాళ్లకు?" అని అడిగింది. నేను మొదటి నుంచి మళ్లీ అదే చెప్పాను. అయినా పాపం, ఒప్పుకుంది.

ఉచితంగా దొరికే షాపింగ్ కార్ట్ సాఫ్ట్‌వేర్ ఒకటి తెచ్చి, అద్దె సర్వర్ మీద పెట్టాను. కొనేవాళ్లు సరుకు ఎంచుకుని, పేరూ చిరునామా నింపి బటన్ నొక్కాలి. ఆర్డరు ఈమెయిల్‌గా అక్క పక్కనున్న సెంటర్‌కు పోతుంది. సెంటర్ అతను దాన్ని ప్రింటు తీసి ఆమెకిస్తాడు. సరుకు ఇంటికి చేరాకే డబ్బు. "కాయిదం వచ్చిందంటే సామాన్ పంపుడే అక్కా, ఇంకేం ఆలోచన చెయ్యొద్దు," అని నేనే చెప్పాను. నా జీవితంలో ఇంత స్పష్టంగా ఎవరికీ ఏదీ చెప్పలేదు.

ఇక పరీక్షించాలి. నిజామాబాద్‌లో నేను పాఠాలు చెప్పే సెంటర్లో కూర్చుని ఫారం నింపాను. తడుముకోకుండా గుర్తొచ్చే పేరు మా బాపుది, చిరునామా మా ఇంటిది. అవే రాసి బటన్ నొక్కాను. 'ఆర్డరు అందింది' అని రావాల్సిన చోట తెల్లటి పేజీ వచ్చింది. సున్నం వేసిన గోడ కూడా అంత తెల్లగా ఉండదు. మళ్లీ నొక్కాను. మళ్లీ తెలుపే. కిలో బెల్లం సర్వర్‌కు ఆనడం లేదేమోనని తర్వాత బస్తాల లెక్కన పెట్టాను.

సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు తప్పులు తెలపడానికి ఒక వేదిక నడిపేవారు. అక్కడ ఇంగ్లీషులో అర్జీ రాశాను. దాని సారాంశం: "గౌరవనీయులైన అయ్యా, తమరి కార్ట్ పనిచేయడం లేదు. తగు చర్య తీసుకోగలరు."

ఏ దేశంవాడో గానీ ఓపికమంతుడు, జవాబిచ్చాడు. "మీరు ఏం చేశారు? ఏం జరగాలి? ఏం జరిగింది?"

"ఏమీ జరగడం లేదనే కదా రాసింది?" అని రాశాను.

"ఏ ఫైలైనా మార్చారా?"

"ఏదీ ముట్టుకోలేదు."

"మరోసారి ప్రయత్నించి చూడండి."

పెద్దమనిషి మాట తీసేయకూడదని మరికొన్ని బస్తాలు ఆర్డరు పెట్టాను.

మర్నాడు అతను ఆ 'ఆర్డరు అందింది' పేజీ ఫైలు పంపమన్నాడు. పంపాను. జవాబు మధ్యాహ్నానికల్లా వచ్చింది: "కింద 'రూపకల్పన' అని మీ పేరు చేర్చుకున్నారు. దాని తర్వాత కొటేషన్ గుర్తు మూయలేదు. పేజీ అక్కడ ఆగిపోతోంది. ఆర్డర్లు మాత్రం మొదటి నుంచీ వెళ్తూనే ఉన్నాయి."

నా పేరు రాసుకోవడం కూడా మార్పు కిందికే వస్తుందని నాకు తోచలేదు. గుర్తు మూశాను, పేజీ వచ్చింది, నా పేరు మెరిసింది. సంతోషంగా సైకిలెక్కాను. అతని చివరి వాక్యం నాకు అర్థమయ్యేసరికి మా గల్లీ మలుపు తిరిగాను. ఇంటి ముందు ఆటో ట్రాలీ ఉంది.

అరుగు మీద లక్ష్మక్క, ఆమెకెదురుగా మా బాపు. బాపు పసుపు మార్కెట్లో తూకాల గుమాస్తా. గుమ్మంలో మా అవ్వ, అంటే మా అమ్మ.

"నువ్వు ఈడనే ఉంటవా తమ్మీ?" అంది అక్క. "మంచిదాయె. 'పేరు నాదే గని తెప్పిచ్చింది నేను కాదు' అంటుండు ఈయన. నువ్వన్న చెప్పు."

అవ్వ బాపును చూస్తూ, "చాయల చక్కెర బంద్ చేస్తే ట్రాలీల తెప్పిచ్చుకున్నవా?" అంది.

"నాకు తెల్వదంటున్న గదనే."

"తెల్వకుంటనే గింత బెల్లం వస్తదా?"

నేను సైకిలు దిగకుండానే చెప్పాను. "బాపూ, గది టెస్టింగ్."

"అంటే?"

"కొనకుంటనే కొన్నట్టు చేసుడు."

బాపు ట్రాలీ వైపు చూశాడు. "మరి గిది రాకుంటనే వచ్చినట్టున్నదా?"

లక్ష్మక్కకు విషయం అర్థమైంది. తిట్టలేదు. "గింత పెద్ద గిరాకీ ఎన్నడు రాలే తమ్మీ," అంది మెల్లగా. "గానుగలన్ని తిరిగి, పైసలు తర్వాత ఇస్తనని ఉద్దెరకు తెచ్చిన." ఆ మాటతో నాకు నవ్వు మొహం పెట్టే ధైర్యం కూడా పోయింది.

బాపు లేచి లోపలి నుంచి తక్కెడ తెచ్చాడు. "గల్లీల ఇల్లిల్లు తిరిగి పిలుచుకరాపో," అన్నాడు నాతో. పొద్దుగూకే దాకా ఆయన తూచాడు, అవ్వ డబ్బు తీసుకుంది, నేను మోశాను. అమ్మినంతసేపూ అవ్వ ఆయన నోటి మీది నుంచి చూపు తిప్పలేదు. మిగిలింది మాక్లూర్‌లోని మా మేనమామ తన ట్రాక్టర్ పంపి తీసుకుపోయాడు. ఆ నెలంతా మా గల్లీలో ఎవరింటికి వెళ్లినా బెల్లం చాయే ఇచ్చారు. అక్క ఖాళీ ట్రాలీలో, డబ్బు నిండిన సంచితో బోధన్ వెళ్లింది.

వెబ్‌సైటు దివ్యంగా నడుస్తోంది కదా, ఆర్డర్లు ఏమయ్యాయని కొన్ని వారాల తర్వాత అక్కకు ఫోన్ చేశాను.

"వస్తనే ఉన్నయి తమ్మీ," అంది. "మొన్న పుణె నుంచి ఒకటి, నిన్న వరంగల్ నుంచి ఒకటి. ఈసారి బాపు పేరు పెట్టకుంట మంచిగ మార్చి రాస్తున్నవ్. నేను గుర్తువట్టనా? వచ్చిన కాయిదాలు వచ్చినట్టే పొయ్యిల పెడుతున్న. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఫోన్ పెట్టేసి, కీబోర్డు మీద కుడిచేయి ఉంచి, సర్వర్ ఉన్న హైదరాబాద్ దిక్కుకు తిరిగి శపథం చేశాను. ఈ జన్మలో పరీక్ష కోసం ఏదైనా కొనాల్సి వస్తే ఉప్పే కొంటాను, అదీ పొట్లమే కొంటాను, పేరు మాత్రం నాదే రాస్తాను.