తారు రోడ్డు మీద నా ఉపవాసం

ప్రభువునందు ప్రియ సహోదరులారా, నేను సింగపూర్‌లో రోడ్లు వేసే పనివాణ్ణి. లారీ కుమ్మరించిన వేడి తారు కంకరను దంతెతో సమంగా లాగడం నా పని, పైన ఎండ, కింద సెగ. మనవాళ్లంతా కంప్యూటర్ ఉద్యోగాలకు విమానాలు దిగుతున్న రోజులవి. మా ఊరివాడే సుధాకర్, నాకంటే చిన్నవాడు, పాసిర్ రిస్‌లో మేం ఆదివారం కూడుకునే ఫ్లాట్‌లో లేచి, మంచినీళ్లయినా ముట్టకుండా ఉపవాసం ఉంటే దేవుడు పెద్ద కంపెనీలో ఉద్యోగం ఇచ్చాడని సాక్ష్యం చెప్పేవాడు, అందరూ హల్లెలూయా అంటుంటే నాకు కడుపు మండిపోయేది. వాడంటే దేవునికి ఎందుకంత ముద్దు అని కుళ్లిపోయేవాణ్ణి.

వాడికంటే గట్టిగా చేసి చూపిస్తాననుకుని, జురాంగ్ ఈస్ట్ దగ్గర తారు వేసే రోజున నీళ్లు మానేశాను. మా తమిళ మేస్త్రీ "తంబీ, తన్నీ తాగు" అని నీళ్ల సీసా చాపినా తల అడ్డంగా ఊపాను. మధ్యాహ్నానికి చెమట పట్టడం ఆగిపోయింది, పిచ్చివాణ్ణి, అది దేవుడు పంపిన చల్లదనం అనుకున్నాను. ఆ తర్వాత ఆసుపత్రిలోనే కళ్లు తెరిచాను. కిడ్నీలు పనిచేయడం లేదు, ఏమీ చెప్పలేమన్నారు.

అక్కడ కూడా నా ప్రార్థన కుళ్లుతోనే సాగింది: "ప్రభువా, వాడూ ఉపవాసమే, నేనూ ఉపవాసమే. వాడికి ఉద్యోగం, నాకు సెలైన్ సీసానా?"

నా ఉపవాసం సంగతి విని సుధాకర్ ఆఫీసు మానుకుని వచ్చాడు, నా తల మీద చేయి పెట్టి ఏడుస్తూ ప్రార్థించాడు: "తండ్రీ, నేను ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని ఉపవాసం ఉన్నాను, ఆ ముక్క సంఘంలో చెప్పలేదు. అన్న ప్రాణం తియ్యకు తండ్రీ."

అది వినేసరికి నాకూ ఏడుపు ఆగలేదు. "ఈ కుళ్లు మానడం నా వల్ల కాదు ప్రభువా, నువ్వే మాన్పించు" అన్నాను. మర్నాడు మూత్రం వచ్చింది, నర్సు కొలిచి చూసి నవ్వింది, సహోదరులారా, దేవునికే మహిమ.

నాకు ఏసీ గది రాలేదు, మళ్లీ రోడ్డు పనికే వెళ్లాను. ఉపవాసం పని లేని రోజుకు మార్చుకున్నాను. అద్దాల ఆఫీసులు చూస్తే ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది, అప్పుడు దంతె పక్కన పెట్టి, ఫలానా వాణ్ణి చూసి కుళ్లుకుంటున్నానని ఆయనకే చెప్పేస్తాను. మీరూ చెప్పండి, ఆయన కోప్పడడు. రోడ్డు పనికి వచ్చిన తమ్ముళ్లారా, నన్ను బతికించిన దేవుణ్ణి నమ్మండి, నాతో కలిసి ప్రార్థించండి, ముందు మాత్రం కడుపునిండా నీళ్లు తాగి రండి.