జరుపుడు మేస్త్రి

పాత కుర్చీలు, బల్లలు బాగుచేసే ఆ షెడ్డులో మేస్త్రికి ఒకటే జబ్బు: ఏ వస్తువూ ఉన్నచోట ఉండకూడదు. పొద్దున గోడ పక్కనున్న బల్ల మధ్యాహ్నానికి గుమ్మంలో తేలేది. ఒకసారి యజమాని, ఫోన్ వస్తే లేచి, మాట్లాడుతూనే మళ్లీ కూర్చోబోయి నేలమీద చతికిలబడ్డాడు. కుర్చీ అప్పటికే కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది.

"ఎందుకయ్యా జరిపావ్?"

"ఎలకలండీ."

ఏమడిగినా అదే జవాబు. ఆ షెడ్డులో ఎలకను చూసినవాడు మాత్రం లేడు.

ఈ జబ్బు చివరికి పాలిష్ వేసే అమ్మాయి ప్రాణం మీదికి వచ్చింది. ఆమెకు మూడో నెల. ఎవరికీ చెప్పలేదు. ఇదివరకు పనిచేసిన చోట కడుపుతో ఉందని తెలియగానే ఒకామెను ఇంటికి పంపేశారు. అందుకే పాలిష్‌లో కలిపే థిన్నర్ డబ్బా మూత తీసినప్పుడల్లా కడుపులో తిప్పేస్తున్నా పళ్ల బిగువున ఓర్చుకునేది.

ఒకరోజు వచ్చి చూస్తే పాలిష్ గదిలో ఆమె పీట లేదు.

"మేస్త్రిగారూ, నా పీటేదండీ?"

"కిటికీ దగ్గరమ్మా. ఎలకలు."

మర్నాడు కిటికీ దగ్గరా లేదు, వసారాలో ఉంది. పాత రంగు గీకే పని కూడా ఆమె చేతిలోంచి జారిపోయి, కుర్చీలకు కేన్ అల్లే పని వచ్చింది. వసారాలో సిగరెట్లు కాల్చుకునే వడ్రంగుల బెంచీ ఏకంగా గోడవతలికి పోయింది.

"వానొస్తేనో మేస్త్రీ?"

"తడవండి. ఎలకలు కరవడం కంటే నయం!"

అమ్మాయికి భయం పట్టుకుంది. గదిలోంచి కిటికీకి, కిటికీ నుంచి వసారాకు, ఇక మిగిలింది వీధే కదా! ఆ బెంగతో తలనొప్పి వచ్చి మాత్ర వేసుకోబోయింది. అదీ జరిగిపోయింది, నేరుగా మేస్త్రి జేబులోకి.

"డాక్టరమ్మను అడక్కుండా ఇప్పుడు ఏ మాత్రా మింగకూడదు తల్లీ."

"ఇప్పుడంటే... మీకెలా తెలిసిందండీ?"

"నలుగురు కూతుళ్ల తండ్రిని, ఆ మాత్రం తెలీదా? థిన్నర్ వాసన, పాత రంగు పొడి, వీళ్ల పొగ, ఏవీ కడుపులో బిడ్డకు మంచివి కావు. నా జబ్బు అందరికీ తెలిసిందేగా, ఎందుకు జరిపావని ఒక్కడూ ఆరా తీయలేదు."

ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. "అయితే పనిలోంచి తీసెయ్యరా?"

"తీసెయ్యడం దేనికమ్మా? జరిపితే చాలదూ?"

"మరి అయ్యగారు అడిగితే?"

"ఉన్నాయిగా, ఎలకలు!"

బిడ్డ పుట్టాక అందరికీ చూపించడానికి బుట్టలో పడుకోబెట్టి తీసుకొచ్చింది. వసారాలో దించి, మంచినీళ్లు తాగి వచ్చేసరికి బుట్ట లేదు.

"మేస్త్రిగారూ! నా బిడ్డేదండీ?"

"కిటికీ దగ్గరమ్మా. వసారాలో మొహం మీద ఎండ పడుతోంది."

చంటిపిల్ల ముందు ఎలకల మాటెత్తడానికి ఆయనకు కూడా మనసొప్పలేదు.